కరివేపాకు మీద నెల రోజుల పాఠం

ఆదివారం రాత్రి ఎనిమిదిన్నర. అన్నం కలిపి పెడుతుంటే అప్పుడు గుర్తొస్తుంది పిల్లాడికి. "అమ్మా, రేపు టీచరుకు చార్టు ఇయ్యాలె!"

ఏం చార్టు? సీతాకోకచిలుక జీవిత చక్రం. ఇంకేముంది... షిఫ్టు నుంచి అప్పుడే వచ్చిన నాన్న మళ్లీ బండి తీస్తాడు. స్టేషనరీ షాపులో రెడీమేడ్ చార్టు సిద్ధంగా ఉంటుంది. గుడ్డు, గొంగళిపురుగు, ప్యూపా, సీతాకోకచిలుక. నాలుగు బొమ్మలు, నాలుగు బాణాలు. కత్తిరించి అతికించడం అమ్మ వంతు. స్కెచ్ పెన్నుతో పేర్లు రాయడం అక్క వంతు. పిల్లాడు హాయిగా నిద్రపోతాడు. సోమవారం పదికి పది మార్కులు. ఎవరికి వచ్చినట్టు? అమ్మకా, అక్కకా, షాపు యజమానికా?

సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు దాకా, ఇస్నాపూర్, పాశమైలారం, బొల్లారం... ఎక్కడ చూసినా షిఫ్టు డ్యూటీల ఇళ్లే. తల్లిదండ్రులను తప్పుపట్టి లాభం లేదు. తీరిక దొరికేది ఆ ఒక్క రోజే. అందుకే ఈ వారం ఆ చార్టును పక్కన పెట్టేద్దాం. అదే పాఠాన్ని పిల్లలు తమ చేత్తో తామే చేసుకునే దారి చూద్దాం. ఖర్చు పెద్దగా లేదు. కావాల్సిందల్లా ఓ కరివేపాకు మొక్క, పాత కాగితాలు, నెల రోజుల ఓపిక.

చార్టులో లేనిదేంటి?

నాలుగు బొమ్మల చార్టును ఒక్కసారి పరిశీలనగా చూడండి. పురుగు ఉంది. కానీ అది తినే మొక్క? లేదు! గుడ్డు గాల్లో ఉంటుంది, ప్యూపా గాల్లోనే వేలాడుతుంది. అసలు కథంతా మొక్క చుట్టూనే నడుస్తుంది. తల్లి సీతాకోకచిలుక ఏ ఆకు దొరికితే ఆ ఆకు మీద గుడ్డు పెట్టదు. కాళ్లతో ఆకును తాకి రుచి చూస్తుంది. తన పిల్లలు తినగలిగేదే అయితేనే గుడ్డు పెడుతుంది. పూల మీద మకరందం తాగే సీతాకోకచిలుకకు తోటలో చాలా పూలు పనికొస్తాయి. దాని పిల్లకు మాత్రం కొన్ని మొక్కల ఆకులే తిండి.

ఈ సంగతిని మూడున్నర శతాబ్దాల కిందటే బొమ్మ గీసి చూపించిన మహిళ ఉంది. పేరు మరియా సిబిల్లా మేరియన్. 1647లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టింది. పదమూడేళ్ల వయసులో పట్టుపురుగులను పెంచుతూ, వాటి మార్పులను బొమ్మలుగా గీయడం మొదలుపెట్టింది. పురుగులు బురదలోంచి, కుళ్లులోంచి వాటంతటవే పుడతాయన్న నమ్మకం ఐరోపాలో ఇంకా పోని రోజులవి. ఆమె గొంగళిపురుగుల పుస్తకం 1679లో వచ్చింది. అందులో గుడ్డు, పురుగు, ప్యూపా, రెక్కల జీవి... వాటితోపాటు అవి తినే మొక్క. అన్నీ ఒకే పేజీలో! 1699లో, యాభై రెండేళ్ల వయసులో కూతురిని వెంటబెట్టుకుని దక్షిణ అమెరికాలోని సురినామ్ దాకా వెళ్లింది. అక్కడి పురుగులను, మొక్కలను చిత్రించి 1705లో మరో పుస్తకం తెచ్చింది. మన పిల్లల చేతిపని కూడా ఆమె దారిలోనే మొదలవ్వాలి. ముందు మొక్క, తర్వాతే పురుగు.

కత్తెర కన్నా ముందు కళ్లు

మనకు దగ్గర్లో దొరికే మొక్క కరివేపాకు. అద్దె గది ముందు పాత బకెట్‌లో కూడా పెరుగుతుంది. దాని మీద వాలేవి ముఖ్యంగా రెండు. ఒకటి నలుపు రెక్కల మీద లేత పసుపు మచ్చలున్న నిమ్మ సీతాకోకచిలుక. నిమ్మ, బత్తాయి, కరివేపాకు... ఈ కుటుంబం మొక్కలంటే దీనికి ప్రాణం. రెండోది కామన్ మార్మన్ అనే నల్లటి సీతాకోకచిలుక.

లేత రెమ్మల మీద వెతకమనండి. గసగసాల గింజంత, లేత పసుపు రంగు గుండ్రటి గుడ్డు కనిపిస్తే పంట పండినట్టే. మూడు నాలుగు రోజుల్లో పగులుతుంది. పిల్ల పురుగు చాలాసార్లు ముందుగా తన గుడ్డు పెంకునే తినేస్తుంది. ఆ తర్వాత ఆకు. మొదట్లో దాన్ని చూస్తే పురుగనే అనుకోరు. పిట్ట రెట్ట పడిందనుకుంటారు! గోధుమ, నలుపు రంగుల మధ్య తెల్లటి మరక. పిట్టలు కూడా అలాగే మోసపోవాలని దాని ఎత్తు. నాలుగుసార్లు చర్మం విడిచాక అయిదో దశలో ఒక్కసారిగా ఆకుపచ్చగా మారిపోతుంది. పుల్లతో మెల్లగా తాకితే తల వెనుక నుంచి నారింజరంగు కొమ్ముల్లాంటివి బయటికొస్తాయి. ఘాటు వాసన కూడా వస్తుంది. చీమలను, శత్రువులను తరిమేయడానికి దాని ఆయుధం అదే.

పురుగు దశ రెండు మూడు వారాలు. తర్వాత ఓ పుల్ల చూసుకుని కదలకుండా ఉండిపోతుంది. మన ఊళ్లలో గీత కార్మికుడు తాటిచెట్టు ఎక్కి, నడుముకు మోకు వేసుకుని వెనక్కి వాలతాడు చూశారా... అచ్చం అలాగే! తల పైకి పెట్టి, నడుముకు పట్టుదారం చుట్టుకుని వాలుతుంది. చర్మం విడిచి ప్యూపా అవుతుంది. చుట్టూ పచ్చదనం ఉంటే పచ్చగా, ఎండు పుల్ల మీదైతే గోధుమరంగులో ఉంటుంది. ఎనిమిది పది రోజుల తర్వాత, ఎక్కువగా ఉదయం పూట, సీతాకోకచిలుక బయటికొస్తుంది. నలిగిన రెక్కలను విప్పి, ఆరబెట్టుకుని ఎగిరిపోతుంది. వాతావరణాన్ని బట్టి రోజులు కాస్త అటూ ఇటూ అవుతాయి. మొత్తం మీద నెల రోజుల కథ.

పిల్లలకు ఓ చిన్న నోటుపుస్తకం ఇచ్చి, రోజుకో గీత, రోజుకో బొమ్మ వేయమనండి. పొడవు ఎంతుంది? ఎన్ని ఆకులు తింది? రంగు మారిందా? ఇదే అసలు చార్టు.

ఇక చేతికి పని

ఒక్కో దశను చూసిన రోజే దాని బొమ్మ చేయించాలి. అన్నీ ఒకేరోజు చేసేస్తే అది మళ్లీ ఆదివారం రాత్రి ప్రాజెక్టే అవుతుంది.

మొక్క: ఎండుపుల్లను మట్టి నింపిన పాత కప్పులో గుచ్చాలి. పాత నోటుపుస్తకాల కాగితానికి ఆకుపచ్చ రంగు వేసి ఆకులు కత్తిరించాలి. లేదా నిజం ఆకుకు రంగు పూసి కాగితం మీద అచ్చు వేయొచ్చు. ఈనెలు కూడా పడతాయి. అతికించడానికి మైదాపిండి ఉడికించిన లై చాలు.

గుడ్డు: చార్టుల్లో గుడ్డు చిక్కుడుగింజంత ఉంటుంది. నిజంగా ఎంతుంటుందో తెలియాలంటే గసగసాల గింజను ఆకు మీద అతికించాలి. పక్కనే పెద్దది చేసి చూపించడానికి సగ్గుబియ్యం గింజ. "ఇది అసలు సైజు, ఇది భూతద్దంలో సైజు" అని రాయించండి.

పురుగు: ఇక్కడే చాలామంది పొరపడతారు. బొమ్మలో పొడవునా ఒకేలాంటి కాళ్లు పెట్టేస్తారు. గొంగళిపురుగుకు అసలు కాళ్లు ఆరే. తల దగ్గర మూడు జతలు. వెనకవైపు ఉండేవి కండగల బొడిపెల్లాంటి కాళ్లు. పెద్దయ్యాక మిగిలేది ముందున్న ఆ మూడు జతలే. అయిదు సైజుల్లో కాగితపు గొట్టాలు చుట్టించండి. మొదటి నాలుగు రెట్ట రంగులో, అయిదోది పచ్చగా. చిన్న గొట్టాన్ని పెద్దదాంట్లో దూర్చి పెడితే చర్మం విడవడం ఆటగా అర్థమవుతుంది. పోయిన ఏడాది యూనిఫాం పిల్లాడికి పొట్టయితే ఏం చేశారు? పురుగుదీ అదే తిప్పలు. దాని చర్మం దానితోపాటు పెరగదు. అందుకే విడిచేస్తుంది.

ప్యూపా: పచ్చ కాగితాన్ని పొట్లంలా మడిచి, కొస కింద పుల్లకు అతికించి, నడుముకు దారం కట్టాలి. మోకు సంగతి గుర్తుంటే తలకిందులుగా పెట్టరు. తలకిందులుగా వేలాడే ప్యూపాలూ ఉన్నాయి. రోడ్డు పక్కన జిల్లేడు మీద పెరిగే ప్లెయిన్ టైగర్‌ది అలాంటిదే.

సీతాకోకచిలుక: కాగితాన్ని మధ్యకు మడిచి, ఒకవైపు రంగుచుక్కలు వేసి, మూసి నొక్కి తెరిస్తే రెండు వైపులా ఒకే బొమ్మ. రెండు రెక్కలూ ఎందుకు ఒకేలా ఉంటాయో చెప్పక్కర్లేదు. రెక్కలు నాలుగు. నాలుగూ శరీరం మధ్య భాగానికే అతికించాలి, పొట్టకు కాదు. లై పూసి పసుపు, సుద్దపొడి చల్లితే రెక్కల మీది పొలుసులు తయార్. నిజం సీతాకోకచిలుకను పట్టుకుంటే వేలికంటే పొడి ఆ పొలుసులే. సన్నటి కాగితం ముక్కను పెన్సిలుకు చుట్టి వదిలితే మకరందం తాగే గొట్టం.

గూడు వేరు, ప్యూపా వేరు

"పురుగు గూడు కట్టుకుని సీతాకోకచిలుకగా మారింది" అని పెద్దలమే చెప్పేస్తుంటాం. పట్టుపురుగు విషయంలో అది నిజం. పట్టుపురుగు చిమ్మెట జాతిది. దారంతో గూడు అల్లుకుని, ఆ గూడు లోపల ప్యూపా అవుతుంది. మామూలుగా సీతాకోకచిలుకలు ఆ గూడు కట్టవు. పైన కనిపించే గట్టి తొడుగు వాటి సొంత శరీరమే.

ఈ పొరపాటు ప్రపంచమంతా ఉంది. అమెరికా రచయిత, చిత్రకారుడు ఎరిక్ కార్ల్ 1969లో తెచ్చిన ఆకలి గొంగళిపురుగు పుస్తకం కోట్లమంది పిల్లలకు ఇష్టం. రంగు వేసిన పల్చటి కాగితాలను కత్తిరించి, అతికించి చేసిన బొమ్మలవి. మన చేతిపనికి చక్కటి నమూనా. కానీ ఆ పురుగు కేకులు, ఐస్‌క్రీములు తింటుంది. గూడు కట్టుకుని సీతాకోకచిలుక అవుతుంది. కథకు అది చెల్లుతుంది. పాఠానికి మాత్రం సవరణ కావాలి. పిల్లలకు పుస్తకం చూపించి, "ఇందులో మన కరివేపాకు పురుగుకు భిన్నంగా ఏమేం ఉన్నాయి?" అని అడగండి. తప్పులు పట్టుకోవడమంటే పిల్లలకెంత హుషారో మీకు తెలిసిందే!

మరి ప్యూపా లోపల ఏం జరుగుతుంది? పురుగు శరీరంలో చాలా భాగం కరిగిపోతుంది. పురుగుగా ఉన్నప్పటి నుంచీ లోపల దాగిన కొన్ని కణాల గుంపులు రెక్కలుగా, కాళ్లుగా, మీసాలుగా ఎదుగుతాయి. అంతా మారిపోయినా కొంత జ్ఞాపకం మిగులుతుందట! 2008లో అమెరికాలోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఓ చిమ్మెట మీద ప్రయోగం చేశారు. పురుగుగా ఉన్నప్పుడు ఒక వాసనకు భయపడటం నేర్పితే, రెక్కలొచ్చాక కూడా ఆ వాసనకు దూరంగా జరిగింది.

గుండ్రటి చక్రం కాదు... వైకుంఠపాళి

చార్టులో బాణాలు చక్కగా ఒకదాని వెంట ఒకటి పోతాయి. నిజం అలా ఉండదు. పెట్టిన గుడ్లలో రెక్కల దాకా చేరేవి బహు కొద్ది. చీమలు ఎత్తుకుపోతాయి. పిట్టలు తినేస్తాయి. కొన్ని జాతుల చిన్న కందిరీగలు పురుగులో గుడ్లు పెడతాయి. అప్పుడు ప్యూపాలోంచి సీతాకోకచిలుక రాదు, కందిరీగలొస్తాయి. నెల రోజులు కాపలా కాసిన పిల్లాడు ఏడుస్తాడు. ఏడవనివ్వండి. కానీ కందిరీగదీ ఓ జీవిత చక్రమేనని, అది లేకపోతే పురుగులు చేలను మిగల్చవని తర్వాత నెమ్మదిగా చెప్పండి.

దీన్ని నేర్పడానికి మన ఇంట్లోనే ఓ ఆట ఉంది. వైకుంఠపాళి! పాత క్యాలెండరు వెనక వంద గళ్లు గీయించండి. మొదటి గడి గుడ్డు, నూరో గడి సీతాకోకచిలుక. "లేత చిగురు దొరికింది", "రెట్టలా కనిపించి పిట్టను మోసం చేశావు", "కొమ్ములు చూపించి చీమను తరిమావు"... ఇవి నిచ్చెనలు. "కందిరీగ వచ్చింది", "చారులోకి రెమ్మ కోసేశారు", "మందు కొట్టారు"... ఇవి పాములు. నలుగురు పిల్లలు నాలుగుసార్లు ఆడేసరికి చార్టు చెప్పని సగం పాఠం వచ్చేస్తుంది. పాముల్లో ఎన్ని మనుషులు పెట్టినవో లెక్కపెట్టమనండి.

రైతుకు తెలిసిన చక్రం

సీతాకోకచిలుక అందమే కానీ, గొంగళిపురుగు పేరెత్తితే రైతు గుండె గుభేల్మంటుంది. అదీ పిల్లలకు తెలియాలి. 1972లో పటాన్‌చెరులో ఏర్పడిన ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు కంది, శనగలను తినే శనగపచ్చ పురుగు మీద ఏళ్ల తరబడి పనిచేశారు. అది చిమ్మెట పిల్ల. కాయను తొలిచి తినేసి, నేలలోకి దిగి ప్యూపా అవుతుంది. వేసవి దుక్కులు లోతుగా దున్నమని చెప్పేది అందుకే. మట్టిలోని ప్యూపాలు పైకొచ్చి ఎండకు మాడతాయి, కొంగలకు, కాకులకు తిండవుతాయి.

ఆముదం, వేరుశనగ చేలను ఊడ్చేసే ఎర్ర గొంగళిపురుగుదీ అదే కథ. దాని ప్యూపాలు నెలల తరబడి నేలలో నిద్రపోతాయి. తొలకరి వానలు పడగానే చిమ్మెటలు లేస్తాయి. ఆ రాత్రుల్లో ఊరంతా కలిసి పొలాల గట్ల మీద మంటలు వేస్తే వెలుగుకు వచ్చి పడతాయి. ఒక్కరు వేస్తే లాభం లేదు, అందరూ వేయాలి. ఏ దశ ఎక్కడ, ఎప్పుడు ఉంటుందో తెలిసిన రైతుకు మందు డబ్బా తక్కువ అవసరం. నాలుగు బొమ్మల పాఠం విలువ ఇక్కడ బోధపడుతుంది. తాత పల్లెలో ఉంటే, "తాతా, పురుగు మట్టిలో ఎక్కడుంటది?" అని ఫోన్ చేసి అడగమనండి.

మన బెల్టులో ఇంకొంచెం జాగ్రత్త

ఇక్కడి పిల్లలకు ప్రకృతి అంటే సినిమాలో చూసే కొండలు, లోయలు కాదు. నక్కవాగు పక్కనుంచి పోతే ముక్కు మూసుకోవడం కూడా వాళ్లకు ప్రకృతే. ఇక్కడి కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. 2007లో స్వీడన్ పరిశోధకులు ఇక్కడి వ్యర్థజలాల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించారు. సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని తేల్చారు. నీరు, మట్టి, మొక్క, పురుగు... ఒకదానికొకటి ముడిపడి ఉంటాయని పుస్తకంలో చదవడం వేరు. తన మొక్కకు ఏ నీళ్లు పోయాలో పిల్లాడు ఆలోచించడం వేరు. ఆ ఆలోచన రావడానికి ఓ పురుగు బాధ్యత చేతికివ్వడం కన్నా మంచి దారి లేదు.

అందుకే ఓ హెచ్చరిక. వ్యర్థాలతో బొమ్మలు చేయడం మంచిదే. కానీ పరిశ్రమల నుంచి బయటికొచ్చిన డ్రమ్ములు, సంచులు, డబ్బాలు పిల్లల చేతికి ఇవ్వొద్దు. కడిగినా సరే. ఇంట్లో పాత పేపర్లు, క్యాలెండర్లు, కొబ్బరి పీచు, ఉల్లిపొట్టు చాలు.

ఇంకో ముచ్చట. ఇక్కడి బడుల్లో ఒకే బెంచీ మీద నాలుగు భాషలు కూర్చుంటాయి. మన సీతాకోకచిలుక బిహార్ పిల్లాడికి తితలీ. ఒడిశా అమ్మాయికి ప్రజాపతి. మరాఠీ ఇంట్లో ఫుల్‌పాఖరు. కన్నడంలో చిట్టె. బొమ్మ కింద నాలుగు పేర్లూ రాయించండి టీచర్లూ! కొత్తగా వచ్చి మూల కూర్చున్న పిల్ల కూడా ఆ రోజు ఓ మాట నేర్పుతుంది.

ఇవి మరవొద్దు

* వెంట్రుకలున్న పురుగులను తాకొద్దు, దురద పెడతాయి. నిమ్మ సీతాకోకచిలుక పురుగుకు అలాంటి బాధ లేదు. అయినా చేత్తో కాకుండా ఆకుతోనే ఎత్తాలి.

* జిల్లేడు పాలు కళ్లలో పడితే ప్రమాదం. ఆ మొక్కను దూరం నుంచి చూడటమే మంచిది.

* పురుగును డబ్బాలో పెంచితే పైన పల్చటి బట్ట కట్టాలి. రోజూ తాజా ఆకు వేయాలి, రెట్టలు తీసేయాలి. లోపల నిలువుగా ఓ పుల్ల పెట్టాలి. మందు కొట్టిన ఆకు వేస్తే పురుగు చస్తుంది.

* రెక్కలొచ్చాక వదిలేయాలి. చంపి అట్టకు గుచ్చడం వద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కొన్ని జాతుల సీతాకోకచిలుకలకు రక్షణ కల్పిస్తోంది.

* బయటికొస్తుంటే సాయం చేయబోవద్దు. ప్యూపాను మనం చీల్చితే రెక్కలు దెబ్బతింటాయి.

బతుకమ్మకు పూలు కోసే రోజులు వస్తే మరో పని పెట్టుకోండి. తంగేడు మన రాష్ట్ర పుష్పం. తంగేడు, దాని జాతి మొక్కల ఆకుల మీద పసుపు, లేతాకుపచ్చ రంగుల సీతాకోకచిలుకలు పిల్లలను పెడతాయి. పూలు కోసేటప్పుడు రెమ్మలు విరవకుండా పూలే కోయమని పిల్లలకు చెప్పండి. కొన్ని మొక్కలను ముట్టకుండా వదిలేయండి.

ఈ వారానికి మీకు ఇచ్చే హోంవర్కు ఒక్కటే. రేపు పొద్దున పోపులోకి కరివేపాకు తుంపేముందు లేత రెమ్మలను ఒకసారి పరికించి చూడండి. గసగసాల గింజలాంటిది కనిపిస్తే ఆ రెమ్మను వదిలేసి, పక్క రెమ్మ కోసుకోండి. పిల్లలను పిలిచి చూపించండి.